నల్లబిళ్ళకి దిష్టిచుక్క

"ఏటమ్మమ్మా ఇది? దీని మీద ఈ జిడ్డేటి?"

"జిడ్డు కాదు. కాటుక."

"కాటుకా? నా సాంపుల్ మీద కాటుక ఎవరు పెట్టారు?"

"ఇంట్లో ఇంకెవులున్నారు? నానే ఎట్టాను. అరవకు, కిందోళ్ళు ఇంటారు."

"విననీ. రేపు మధ్యాహ్నం నాకు ట్రైన్. దీన్ని అద్దంలా అరగదీయడానికి ఎంత కష్టపడ్డానో నువ్వు చూళ్ళేదా?"

"సూసాను కాబట్టే ఎట్టాను. ఫోన్లో మీ లేబ్ పిల్లతో ఒకటే మురిసిపోతన్నావు. ఒక్క పగులూ లేదంట, ఒక్క మచ్చా లేదంట, మా సార్ కూడా ఇలాటిది సూళ్ళేదన్నారంట. లేబ్‌లో అందరి కళ్ళూ దాని మీదే. సిన్న సుక్కెడితే ఏటి పోయింది? తుడిసీ."

"తుడిస్తే పోదు. ఇది గాజు కాదు, లోపల సన్నటి కన్నాలుంటాయి. నూనె తాగీసుంటాది ఈపాటికి."

"అయితే సబ్బుతో కడుగు."

"నీళ్ళు తగిలితే చచ్చిపోద్ది. ఎన్నిసార్లు చెప్పాను చెమ్మ తగలకూడదని? నీకు చెప్పడం నాది బుద్ధి తక్కువ. చదువుకోని వాళ్ళకి..."

"ఆపేసావేటి? అనీ. సదువుకోనోళ్ళకి బుద్దుండదు. అనీ."

హేమ బిళ్ళని పట్టకారుతో ఎత్తి ట్యూబులైటు కిందికి తీసికెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసింది. నల్లదాని మీద నల్లచుక్క. నా కళ్ళకైతే కనబడను కూడా కనబడదు. కానీ మెరుస్తున్న ముఖం మీద ఆ ఒక్కచోట మెరుపు చచ్చిపోయింది.

హేమ నా కూతురు రత్నం కూతురు. మల్కాపురంలో ఈ మేడ మీద వాటాలో నేనూ తనూ ఉంటాం, కింద అద్దెకి ఇచ్చాం. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. మందుబిళ్ళ కన్నా కాస్త పెద్దదైన ఒక నల్లబిళ్ళ గురించి అమ్మమ్మా మనవరాలూ పోట్లాడుకున్నారంటే వినేవాళ్ళు నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ బిళ్ళ కోసం పిల్ల పడ్డ పాట్లు నేను చూశాను. పొళ్ళన్నీ కలిపి కల్వంలో మెత్తగా నూరాలి. మరలో పెట్టి బిళ్ళగా నొక్కాలి. కొలిమిలో రోజుల తరబడి కాల్చాలి, ఆ తర్వాత అంతకన్నా నిదానంగా చల్లార్చాలి. తొందరపడితే పగుళ్ళు. పగిలితే మళ్ళీ మొదటికి. అరిసెల పాకం కూడా మనిషిని ఇంత ఏడిపించదు. ఎన్ని బిళ్ళలు అలా పోయాయో, ప్రతిసారీ ఇంటికి వచ్చి చెప్పులు విడిచే తీరులోనే నాకు తెలిసిపోయేది.

దాన్ని సూపర్‌కండక్టర్ అంటారట. మంచు కన్నా ఎన్నో రెట్లు చల్లబెడితే దానిలోంచి కరెంటు పిసరంత కూడా వృథా కాకుండా పోతుందట, తీగ వేడెక్కదట. ఆ ఒక్క మాటకే నాకు ఆ పని మీద గౌరవం కలిగింది. గది దాటగానే లైటు ఆర్పమంటే నన్ను పిసినారి అన్నవాళ్ళు ఈ వీధిలో చాలామంది ఉన్నారు. పెద్ద చదువుల వాళ్ళు దేశదేశాల్లో కూర్చుని అదే వృథా ఆపడానికి తంటాలు పడుతున్నారని తెలిశాక, నేను లైట్లు ఆర్పే చేతికి ఇంకాస్త బలం వచ్చింది.

అయితే బిళ్ళ మంచిదో కాదో పైకి చూస్తే తెలియదు. కంటికి కనబడే పగులుంటే అది ఎలాగూ పనికిరాదు, కనబడని పగులుతోనే అసలు చిక్కు. అందుకని దాన్ని ఫొటో తీస్తారు. మామూలు ఫొటో కాదు. పొగలు కక్కే చల్లటి ద్రవంతో బిళ్ళని చల్లబెట్టి, పక్కన అయస్కాంతం పెడతారు. మంచి బిళ్ళ అయితే అయస్కాంతం శక్తిని లోపలికి రానివ్వదు, అంచుల దగ్గరే ఆపేస్తుంది. పగులున్న చోట మాత్రం ఆ శక్తి సందు చూసుకుని దూరిపోతుంది. బిళ్ళ ముఖాన్ని ఆనుకునేట్టు ఒక పల్చటి గాజురేకు లాంటిది పెట్టి పైనుంచి చూస్తే, శక్తి దూరిన చోటల్లా తెల్లగా వెలుగుతుంది, దూరని చోటు చీకటిగా ఉంటుంది. పాత బిళ్ళల ఫొటోలు హేమ నాకు ఫోన్లో చూపించింది. పైకి నున్నగా ఉన్న బిళ్ళ లోపల తెల్లటి గీతలు, ఎండిన చెరువులో నెర్రెల్లాగా. కొత్త బిళ్ళని కూడా ఇక్కడి లేబ్‌లో తీసి చూశారు. అంతా చీకటి, చుట్టూ సన్నటి తెల్లటి అంచు. అందుకే ఆ మురిపెం. కానీ ఇక్కడి పనిముట్టు మోటుదట. వేరే ఊళ్ళో ఒక పెద్ద మైక్రోస్కోపు ఉంది, అయస్కాంతం శక్తి సన్నటి దారప్పోగుల్లా లోపలికి వస్తుందట, దానిలో ఒక్కో పోగూ విడివిడిగా కనిపిస్తుందట. దాని దగ్గర కూర్చోవడానికి వంతు దొరకడమే గగనం. హేమకి వంతు వచ్చింది. ఇది తప్పిపోతే మళ్ళీ ఎప్పటికో. ఈలోగా చదువుకి ఇచ్చిన గడువు అయిపోతుంది. ముఖం అద్దంలా ఉంటేనే గాజురేకు ఆనుకుంటుంది. కాటుక మరక మీద అది ఆనదు.

ఇదంతా నాకు తెలియదని కాదు, చాలామట్టుకు తెలుసు. తెలిసే పెట్టాను. తను ఫోన్ పట్టుకుని డాబా మీదికి వెళ్ళినప్పుడు, బల్ల మీద పెట్టె మూత తీసి ఉంది. నా వేలు దానంతట అదే కాటుక భరిణెలోకి వెళ్ళింది.

"రత్నానికి ఎట్టలేదు" అన్నాను, ఎందుకన్నానో నాకే తెలియకుండా.

హేమ పట్టకారు కింద పెట్టింది. "ఏటన్నావ్? అమ్మకి దిష్టిచుక్క పెట్టలేదు, అందుకే పోయిందనా? అమ్మ జ్వరంతో పోయింది అమ్మమ్మా. మెదడులోకి ఎక్కీసిన జ్వరంతో పోయింది."

"నాకు తెల్దేటి?"

"తెలిస్తే ఇదేటి మరి? నేను పుట్టిన కాడి నుంచీ ఒక్కసారి నువ్వు బాగుందే అని అన్లేదు. టెన్త్‌లో ఫస్టొస్తే 'అన్నం తిను' అన్నావు. యూనివర్సిటీలో సీటొస్తే 'బస్‌పాస్ తీసుకో' అన్నావు. ఈ బిళ్ళ చూపిస్తే ఏటంటావో అని ఆశగా చూశాను. చుక్క పెట్టావు."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. గిన్నె బోర్లించి ఉంటే తిరగేశాను, తిరగేసి ఉంటే బోర్లించాను.  దానికి జవాబు చెప్పాలంటే మా అమ్మ దగ్గర మొదలు పెట్టాలి.

నాకు ముందు అమ్మకి పుట్టిన పిల్లలెవరూ నిలవలేదు. ఎవరూ లెక్క చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను పుట్టగానే మా వీధిలోని పైడమ్మ వచ్చి నన్ను చేటలో వేసుకుని బయటికి తీసుకుపోయిందట. కాసేపటికి మా గుమ్మం ముందుకే వచ్చి "పిల్లనమ్ముతానమ్మా, కొంటారేటి" అని కేకేసిందట. అమ్మ మంచం దిగి వచ్చి, చేటెడు తవుడు పోసి నన్ను కొనుక్కుంది. కన్న పిల్ల కాదు, కొన్న పిల్ల. తీసుకుపోయేవాడు వచ్చి చూస్తే ఈ ఇంట్లో కన్న పిల్ల ఉండకూడదు, అదీ ఎత్తు. అందుకే నాకు తవిటమ్మ అని పేరు. మా వైపు ఇంటికో తవిటయ్యో తవిటమ్మో ఉంటారు, వింతేమీ కాదు. అందరిళ్ళలోనూ అది ఒక్కరోజు ఆట. మా అమ్మ మాత్రం ఆ ఆట ఆపలేదు.

అప్పట్లో మల్కాపురం అంటే రేకుల ఇళ్ళు, రిఫైనరీ గ్యాసు వాసన, ఎప్పుడు మోగుతుందో తెలియని ఓడ కూత. మా నాన్న పోర్టులో సరుకు ఎత్తిదించే కలాసీ. ఇంటికి వచ్చేసరికి ఆయన కనుబొమ్మలు కూడా ముడిఖనిజం ధూళితో ఎర్రగా ఉండేవి. అమ్మ ఆయన చొక్కాని గుమ్మం బయటే దులిపి, ఆ తర్వాతే లోపలికి రానిచ్చేది. పొద్దున్నే చోడి అంబలి, ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నంలోకి కాల్చిన ఎండుచేప. సాయంత్రం వారానికోసారి కాటుక పని. ప్రమిదలో ఆముదం పోసి, గుంటగలగరాకు రసంలో ముంచి ఆరబెట్టిన గుడ్డతో వత్తి చేసి వెలిగించేది. దాని మీద ఇత్తడి పళ్ళెం బోర్లించేది. పళ్ళెం కింద మసి పేరుకుంటుంటే ఇల్లంతా ఆముదం కాలిన వాసన, రిఫైనరీ వాసన దాని ముందు ఓడిపోయేది. ఆ మసిని గీకి, ఆముదం చుక్కతో రంగరించి భరిణెలో పెట్టేది. నేనిప్పటికీ అలాగే చేస్తాను. దుకాణంలో కొన్నదానికి ఆ చలవ రాదు, పైగా దండగ.

ఆ కాటుకంతా నాకే. బుగ్గన ఒకటి, నుదుట ఒకటి, అరికాల్లో ఒకటి. నాకు ఎప్పుడూ కొత్త గుడ్డ కట్టేది కాదు, పైడమ్మ పిల్లలు విడిచిన గౌన్లు అడిగి తెచ్చేది. "మీ పిల్ల బాగుందే" అని ఎవరైనా అంటే "మా పిల్ల కాదమ్మా, తవుడు పోసి కొన్నాం. దానికేటి బాగు, సింతబొగ్గు" అని పక్కకి తిరిగి ఉమ్మేసేది. నన్ను పేరు పెట్టి పిలిచిందే తప్ప అమ్మా అనో నాన్నా అనో పిలవలేదు. నిద్రపోతున్నప్పుడు ముద్దు పెట్టుకునేదని పైడమ్మ చెప్పింది. నేను చూడలేదు. ఒకటి రెండుసార్లు నిద్రపోయినట్టు కళ్ళు మూసుకుని పడుకున్నాను గానీ, అమ్మకి అది దొంగనిద్రని తెలిసిపోయేదో ఏమో, రాలేదు.

బడికి పంపింది. అక్కడ తవుడు, తవుడు అని పిల్లలు ఏడిపించినా నాకు లెక్కలు ఇట్టే వచ్చేవి. ఒకరోజు బడి పంతులమ్మ గారు మా ఇంటికి వచ్చారు. అమ్మ పీట వేసింది. నేను తలుపు వెనక ఉన్నాను. "మీ తవిటమ్మ లాంటి పిల్లని నేను చూడలేదమ్మా. ఎంత చురుకో. దీన్ని బాగా చదివించండి" అన్నారావిడ. నా గుండె నిండిపోయింది. అమ్మ మొహం చూద్దామని తొంగి చూశాను. అమ్మ మొహం పాలిపోయింది. "అబ్బే, ఒట్టి మొద్దు పంతులమ్మ గారూ. దానికేటీ రాదు. మీకెలా అనిపించిందో" అంది. ఆవిడ వెళ్ళిన తర్వాత ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో పోసింది. మిరపకాయలు కాలినా కోరు, అదే దగ్గు తెప్పించే ఘాటు, రాలేదట. కోరు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు. మర్నాటి నుంచి నన్ను బడికి పంపలేదు. నాన్న రెండు మాటలు అన్నాడు. "బడికెల్తే పోద్దా, ఇంటికాడుంటే ఉంటాదా, నువ్వే సెప్పు" అంది అమ్మ.  నా చదువు అలా ఆగిపోయింది. డబ్బు లేక కాదు, ఆడపిల్లనని కాదు, ఒకరు మెచ్చుకున్నారని.

అమ్మని చివరి రోజుల్లో పెద్దాసుపత్రిలో పెట్టాం. రత్నం అప్పటికి కడుపులో ఉంది. మంచం పక్కన కూర్చుని కాళ్ళు పడుతుంటే నర్సమ్మ వచ్చి "ఈమె మీ కూతురా" అని అడిగింది. అమ్మకి తెలివి ఉంది. నా వైపు చాలాసేపు చూసింది. ఇంక పోయేది తనే కదా, ఇంకెవరిని మోసం చెయ్యాలి అనుకున్నాను. "కాదమ్మా, కొన్న పిల్ల" అంది. అదే ఆవిడ ఆఖరి మాట.

అందుకే రత్నం పుట్టినప్పుడు నేను ఒట్టు పెట్టుకున్నాను. చేట లేదు, తవుడు లేదు, చుక్క లేదు. అందమైన పేరు పెట్టాను. కొత్త గౌన్లు కుట్టించాను. ఎవరైనా మెచ్చుకుంటే నవ్వేదాన్ని. "నా పిల్ల" అని వీధి వీధంతా చెప్పుకున్నాను. చదివించాను, పెళ్ళి చేశాను. పసిపిల్ల హేమని నా ఒళ్ళో పెట్టి రత్నం వెళ్ళిపోయింది. డాక్టర్లు జ్వరం పేరు చెప్పారు. పేరు చెబితే మనసు ఊరుకుంటుందా. హేమ నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని తన దారిన పోయాడు. పిల్ల నా దగ్గర మిగిలింది. ఆనాటి నుంచి నా చెయ్యి నా మాట వినడం మానేసింది. నోరు కూడా అంతే. బాగుంది అనే మాట నాలిక చివరికి వస్తే మింగేస్తాను. అమ్మని ఎంత తిట్టుకున్నానో, చివరికి అమ్మలాగే తయారయ్యాను.

ఇవన్నీ ఆ సాయంత్రం హేమకి చెప్పాను. వంటింటి గడప మీద కూర్చుని, తన మొహం చూడకుండా చెప్పాను. బడి సంగతి తనకి అంతవరకూ తెలియదు. నాకు చదువు అబ్బలేదని చెప్పి ఊరుకునేదాన్ని.

హేమ అంతా విన్న తర్వాత బిళ్ళని తీసుకొచ్చి నా పక్కన కూర్చుంది. కోపం పోలేదు, గొంతు మాత్రం తగ్గింది.

"మేమూ పెడతాం అమ్మమ్మా మచ్చలు" అంది.

"దేనికి?"

"దీనికే. పగులు వేరు, మచ్చ వేరు. అయస్కాంతం గట్టిగా ఉంటే ఎంత మంచి బిళ్ళలోకైనా కొన్ని పోగులు దూరతాయి, ఆపలేం. లోపల నున్నగా ఉంటే ఆ పోగులు అటూ ఇటూ జారతాయి. జారితే వేడి పుడతాది, కరెంటు వృథా. అందుకని పొడిలో ఇంకో పొడి కొంచెం కలుపుతాం. కంటికి కనబడనంత చిన్న చిన్న మచ్చలు పడతాయి. పోగు వెళ్ళి ఆ మచ్చకి చిక్కుకుని కదలకుండా ఉండిపోద్ది. మచ్చలుంటేనే బిళ్ళ గట్టిది."

"మరింకేటి. నానూ అదే కదా సేసాను."

హేమకి నవ్వు వచ్చి ఆగిపోయింది. "కాదు. మేం ఎక్కడ పెట్టాలో, ఎంత పెట్టాలో చూసుకుని పెడతాం. ఎక్కువైతే అదే పాడు చేస్తాది. ఆ ఫొటోలన్నీ అందుకే తీసేది. మచ్చ పనిచేసిందా, బిళ్ళని తినీసిందా అని. నువ్వూ, ముత్తమ్మమ్మా చూడకుండా పెట్టీసారు."

ఆ మాట సూటిగా తగిలింది. కానీ తను తప్పు పట్టింది నన్నే తప్ప అమ్మని కాదనిపించింది. అమ్మకి చూడ్డానికి ఏముంది? పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఎటునుంచి పోయారో, ఏ నెర్రెలోంచి వచ్చి తీసుకుపోయారో చూపించే గాజురేకు ఆవిడకి ఎవరిచ్చారు? ఉన్నది కాటుక భరిణె ఒక్కటే. ఇప్పటి తల్లులు కడుపులో ఉండగానే పిల్ల గుండె కొట్టుకోవడం తెరమీద చూస్తున్నారు. సూది మందు వేసిన రోజు కార్డులో రాసుకుంటున్నారు. వాళ్ళు చుక్క పెడితే అది ముచ్చట. మా అమ్మ పెట్టినది భయం. నన్ను బతికించింది ఆ భయమో, లేక నేను ఎలాగూ బతికేదాన్నో, ఇక తేల్చేవాళ్ళు లేరు. నేను బతికి ఉన్నాను, అమ్మకి నేను కూతుర్ని కాకుండానే అమ్మ పోయింది. ఈ రెండూ నిజమే.

"మళ్ళీ అరగదీస్తే పోద్దా?" అని అడిగాను.

"నూనె ఎంత లోతుకి దిగిందో తెలీదు. పైపొర తీసీయాలి. పొర పల్చబడితే తట్టుకుంటాదో లేదో. పొద్దున్నే లేబ్‌కి వెళ్ళి చూస్తాను." బిళ్ళని పెట్టెలో పెడుతూ అంది. "నువ్వు ఏటీ అనుకోకు. నేనూ అనకూడని మాట అన్నాను."

"అన్నావు. అందుకేటిప్పుడు? అన్నం తిను" అన్నాను. ఇంకో మాట అందామని నోరు తెరిచాను. రాలేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి హేమ లేబ్‌కి వెళ్ళింది. సర్దిన బ్యాగు గుమ్మం దగ్గరే ఉంది. మరక పోయేదాకా అరగదీసిందట. మరక పోయింది, బిగించి ఉంచిన పట్టు విప్పుతుంటే బిళ్ళ రెండు ముక్కలైంది. అక్కడి నుంచే మైక్రోస్కోపు వాళ్ళకి ఫోన్ చేసి, ఈసారికి నా వంతు ఇంకెవరికైనా ఇవ్వండి అని చెప్పింది. టికెట్ రద్దు చేసుకుంది.  పదకొండింటికి ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, బ్యాగులోంచి బట్టలు తీసి బీరువాలో పెట్టుకుంది. అన్నం పెట్టాను. తింది. కంచం నేను తీయబోతే తనే తీసి కడిగింది. తర్వాత చున్నీ సర్దుకుని మెట్ల దగ్గర ఆగింది.

"కొత్త పొడి నూరాలి. లేటవుద్ది, నువ్వు తినీసి పడుకో" అంది. దిగి వెళ్ళిపోయింది.